ఆంధ్ర తీరం రెండో స్థానమా, మూడో స్థానమా? పిల్లల భూగోళం పాఠంలో అసలు చిక్కెక్కడ?

రాష్ట్రాల తీరరేఖ పొడవులో గుజరాత్‌ది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం, మన తీరం 974 కిలోమీటర్లు. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్న మాట ఇది. విశాఖపట్నంలో స్కూల్ క్విజ్ అంటే ఈ ప్రశ్న పడాల్సిందే. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో వచ్చిన కొత్త లెక్కలతో ఈ జవాబు మారిపోయింది. దేశ తీరరేఖ 7,516.6 కి.మీ. నుంచి 11,098.81 కి.మీ. అయింది. ఆంధ్రప్రదేశ్ 973.7 నుంచి 1,053.07కు పెరిగింది కానీ, తమిళనాడు 906.9 నుంచి ఏకంగా 1,068.69కు వెళ్లి మనల్ని దాటేసింది. మనది ఇప్పుడు మూడో స్థానం.

ఆరో తరగతి పిల్లాడు తన పాత పుస్తకాన్నీ, గ్రూప్స్‌కు చదువుతున్న పిన్ని నోట్సునూ పక్కపక్కన పెట్టుకుని "ఏది కరెక్ట్ పిన్నీ?" అని అడిగాడనుకోండి. "మీ టీచర్ ఏది చెబితే అది రాసెయ్" అన్నది మనందరి ఇళ్లలో సిద్ధంగా ఉండే జవాబు. నిజానికి రెండు లెక్కలూ సరైనవే. అదెలాగో అర్థం చేసుకుంటే, చిన్న తరగతుల్లో భూగోళం ఎక్కడ తేలికగా ఉంటుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో కూడా తెలుస్తుంది.

సముద్రం పెరగలేదు, పటం మారింది

పాత లెక్క 1970ల నాటిది. అప్పుడు కొలిచిన పటం స్కేలు 1:45,00,000. పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 45 కి.మీ., ఒక మిల్లీమీటరు అంటే నాలుగున్నర కి.మీ. ఆ పటంలో మన ఊరు విశాఖ ఎలా కనిపిస్తుందో చూడండి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక నుంచి ఓడలు లోపలి హార్బర్‌కు వెళ్లే కాలువ, ఫిషింగ్ హార్బర్ మలుపు, అన్నీ కలిపినా పెన్సిల్ గీత మందంలో కలిసిపోతాయి. కొలిచేవాడి గీత వాటి మీదుగా నేరుగా వెళ్లిపోతుంది.

కొత్త లెక్కకు వాడిన స్కేలు 1:2,50,000. ఇక్కడ ఒక మిల్లీమీటరు అంటే 250 మీటర్లే. హార్బర్ వంపులు, నదులు సముద్రంలో కలిసే మొగలు, సముద్రపు పాయలు లోపలికి చొచ్చుకొచ్చిన చోట్లు, అన్నీ పటం మీదికి వస్తాయి. గీత వాటన్నిటి వెంబడీ తిరగాలి కాబట్టి పొడవు పెరుగుతుంది. తీరం ఎంత చీలికలు పేలికలుగా ఉంటే అంత ఎక్కువ పెరుగుతుంది. సుందరవనాల పాయలున్న పశ్చిమ బెంగాల్ 157.5 కి.మీ. నుంచి 721.02కు, అంటే నాలుగున్నర రెట్లకు పైగా ఎందుకు దూకిందో, మన తీరం పెరుగుదల 79 కి.మీ. దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

భీమిలి నుంచి గంగవరం దాకా ఉన్న తీరాన్ని పటం మీద ఒకసారి అగ్గిపుల్లలు వరసగా పేర్చి, మరోసారి నూలు దారం వంపుల వెంబడి పరిచి కొలిస్తే ఇదే తేడా బల్ల మీద కనిపిస్తుంది. పుల్ల వంపుల్ని దాటేస్తుంది, దారం ప్రతి వంపులోకీ దూరుతుంది. దారం లెక్కే ఎప్పుడూ ఎక్కువొస్తుంది. ఇంకా పెద్ద పటం తెస్తే ఇంకా పెరుగుతుంది. దీనికి అంతూ పొంతూ లేదు. అందువల్ల తీరం పొడవును ఏ స్కేలు మీద కొలిచారో చెప్పకపోతే 974 అయినా, 1,053 అయినా సగం జవాబే.

బడిలో భూగోళం ఏ పేరుతో ఉంటుంది?

మూడు నుంచి ఐదో తరగతి దాకా మన పిల్లలకు భూగోళం అనే సబ్జెక్టు విడిగా లేదు. పరిసరాల విజ్ఞానం, అంటే ఈవీఎస్‌లో నీరు, ఇల్లు, ప్రయాణం, పంటలతో కలిసి ఉంటుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అలాగే ఉంచింది, 2023 చట్రం కూడా ఆ కలగలుపునే కొనసాగించింది. ఆరో తరగతికి వచ్చేసరికి అది సాంఘిక శాస్త్రంలో చరిత్ర, పౌరశాస్త్రాలతో పాటు ఒక భాగమవుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి సాంఘిక శాస్త్రం మొదటి పాఠంలోనే అక్షాంశాలు, రేఖాంశాలు ఉన్నాయి.

ఐదో తరగతిలో ఇంటి నుంచి బడికి దారి గీసిన పిల్ల, వేసవి సెలవులు దాటగానే భూమి చుట్టూ గీసిన ఊహారేఖల ముందు నిలబడుతుంది. చాలామంది జారిపడే మెట్టు ఇదేనని నా అభిప్రాయం. రేఖ ఊహే కావచ్చు, దాని ఫలితం మాత్రం ఊహ కాదు. విశాఖ రేఖాంశం సుమారు 83.3 డిగ్రీల తూర్పు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖ మీద. తేడా 0.8 డిగ్రీ. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, మన ఊళ్లో సూర్యుడి టైము గడియారం కంటే సగటున మూడు నిమిషాలు ముందుంటుంది. దేశానికంతటికీ ఒకే టైము అన్న ప్రమాణం 1906లో వచ్చింది, అంతకుముందు చాలా ఊళ్లలో ఎక్కడి టైము అక్కడిదే. ఖగోళ పరిశీలకుడు గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో కట్టించుకున్న సొంత వేధశాల ఆ కాలానిదే. రోజూ డాబాగార్డెన్స్ మీదుగా బస్సులో వెళ్లే పిల్లలకు ఈ సంగతి తెలిసే దారి ఏ పుస్తకంలోనూ లేదు.

అక్షాంశం సంగతీ అంతే. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తరాన ఉంది, కర్కటరేఖకు దక్షిణాన అన్నమాట. అందుకే ఏడాదిలో రెండుసార్లు, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మబ్బు లేకపోతే నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఢిల్లీ పిల్లలు ఈ ముచ్చట ఎప్పటికీ చూడలేరు.

గోడ పటం మీద పైన ఉన్నది ఆకాశం కాదు

క్లాసులో పటం గోడకు వేలాడుతుంది, ఉత్తరం పైన ఉంటుంది. అందులోంచి పిల్లలు తమకు తెలియకుండానే ఒక సూత్రం చేసుకుంటారు: ఉత్తరం అంటే పైకి, దక్షిణం అంటే కిందికి. పెద్దవాళ్లమూ "పైన శ్రీకాకుళం, కింద అనకాపల్లి" అనేస్తాం. దాంతో ఇబ్బందేమీ లేదు, నది వచ్చేదాకా. వంశధార, నాగావళి ఒడిశా కొండల నుంచి దక్షిణంగా దిగుతాయి కాబట్టి సూత్రం సరిపోయినట్టే ఉంటుంది. సోన్, చంబల్ ఉత్తరానికి పారతాయనీ, నైలు అంతటి నది ఉత్తరంగా వెళ్లి మధ్యధరాలో కలుస్తుందనీ చెబితే మాత్రం "నీళ్లు పైకెలా ఎక్కుతాయి సార్?" అని వస్తుంది. ఆ పిల్లాడు తప్పు అడగలేదు. గోడ నేర్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు.

అదే పటాన్ని నేల మీద పరిచి, పటంలోని ఉత్తరాన్ని నిజం ఉత్తరం వైపు తిప్పితే పైకీ కిందికీ అన్నవి మాయమై దిక్కులు మిగులుతాయి. ఎత్తు సంగతి పటం మీద రంగులు చెబుతాయి, దిక్కులు చెప్పవు.

గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితంగా పరచడంలో ఇంకో తంటా ఉంది. 1569లో మెర్కేటర్ నావికుల కోసం వేసిన తరహా పటంలో దిక్కులు నిక్కచ్చిగా ఉంటాయి, వైశాల్యాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఉబ్బిపోతాయి. గ్రీన్‌లాండ్ మధ్యభాగం దగ్గర పొడవు మూడు రెట్లకు పైగా, వైశాల్యం పది రెట్లు పెరిగి కనిపిస్తుంది. దానివల్ల 32.87 లక్షల చదరపు కి.మీ. భారతదేశం, 21.66 లక్షల చదరపు కి.మీ. గ్రీన్‌లాండ్ ముందు పిట్టంత అవుతుంది. గ్లోబు పక్కన పెట్టుకుంటే ఈ మోసం ఒక్క నిమిషంలో బయటపడుతుంది. కొన్ని బళ్లలో ఆ గ్లోబు హెడ్మాస్టరు గది బీరువాలో ఉంటుంది, అది వేరే కథ.

ఆర్కే బీచ్‌లో సూర్యుడు ఎక్కడ పొడుస్తాడు?

"సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. మనకు తూర్పున బంగాళాఖాతం ఉంది." రెండు వాక్యాలూ పిల్లలకు నోటికొచ్చు. రెండింటినీ ఆర్కే బీచ్‌లో పరీక్షించవచ్చు, రెండూ కొంచెం కొంచెం తేడా కొడతాయి.

మన తీరం నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఒరిగి ఉంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు కైలాసగిరి, కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్. మన చూపు సరిగ్గా తూర్పుకు కాకుండా ఆగ్నేయం వైపు మళ్లి ఉంటుంది. ఇక సూర్యుడు కచ్చితంగా తూర్పున పొడిచేది మార్చి, సెప్టెంబరు నెలల్లో 21-23 తేదీల ప్రాంతంలోనే. జూన్ 21 నాటికి మన అక్షాంశంలో దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరు 21 నాటికి అంతే దక్షిణానికి జరుగుతాడు. చేయి చాపి గుప్పిట బిగిస్తే కంటికి ఆ గుప్పిట వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే అటు రెండున్నర గుప్పిళ్లు, ఇటు రెండున్నర గుప్పిళ్లు. డిసెంబరులో సూర్యుడు దాదాపు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు, జూన్‌లో బాగా ఎడమకు జరిగి కనిపిస్తాడు. వాకింగ్‌కు వెళ్లే తాతగార్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు.

దిక్కుల విషయంలో తెలుగు పిల్లలకు ఇంట్లోనే ఒక సౌలభ్యం ఉంది. వాస్తు నమ్మినా నమ్మకపోయినా, ఈశాన్యం మూల బరువు పెట్టకూడదనీ, వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలనీ వినని పిల్లలుండరు. ఎనిమిది దిక్కుల పేర్లూ అలా ముందే వచ్చేస్తాయి. ఇంటి నైరుతి మూల నిలబడి, జూన్ వానలు ఆ వైపు నుంచి వచ్చే గాలితో వస్తాయని చెబితే రుతుపవనాల పాఠం సగం అయిపోయినట్టే.

ఊరు ముందా, ప్రపంచం ముందా?

భూగోళం బోధనలో పాత తగాదా ఇది. ఒక వర్గం మాట: పిల్లలు తాము చూసిన దానితో మొదలుపెట్టాలి. ఇల్లు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం, ప్రపంచం. మన పుస్తకాలు చాలావరకు ఈ బాటలోనే నడుస్తున్నాయి. బలమైన వాదనే. కుళాయి నీళ్లతో మొదలుపెడితే ఎంత దూరం వెళ్లవచ్చో చూడండి. విశాఖకు తాగునీరిచ్చే చెరువుల్లో తాటిపూడి జలాశయం ఒకటి. అది గోస్తనీ నది మీద ఉంది. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి దాటి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సున్నపురాయిని నీరు ఎలా కరిగిస్తుంది, గుహ ఎలా ఏర్పడుతుంది, ఆనకట్ట ఎందుకు కడతారు, మొగ అంటే ఏమిటి, అన్నిటికీ ఒక్క నది చాలు. విశాఖ పిల్లలు విహారయాత్రకు వెళ్లే రెండు చోట్లను ఒకే నీరు కలుపుతోందన్న సంగతి పాఠంలో చెప్పకపోతే ఎవరూ గమనించరు.

రెండో వర్గం అడిగేది: దగ్గరున్నదంతా తేలిక, దూరమున్నదంతా కష్టం అని ఎవరన్నారు? ఐదేళ్ల పిల్లకు పెంగ్విన్లూ ఎడారులూ ఇష్టం, వార్డు సచివాలయం విధులు ఇష్టం లేదు. పైగా దూరం మన గుమ్మంలోనే ఉంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలితే కొన్ని గంటల్లో మన తీరానికి సునామీ వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడం కోసమే 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు, అరకు వెళ్లే పిల్లలు ఎక్కేది ఆ పట్టాల మీదే. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న పాఠ్యప్రణాళిక ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు ఏడు ఖండాలు, ఐదు మహాసముద్రాల పేర్లు నేర్చుకోవాలి. అదే వయసులో బడి ఆవరణ పటం కూడా గీయాలి. అంటే రెండు చివర్ల నుంచీ ఒకేసారి మొదలుపెట్టారు.

నాకు రెండో పక్షం వాదనలోని ప్రశ్న నచ్చింది, దాని జవాబు మాత్రం పూర్తిగా నచ్చలేదు. పేర్లు తొందరగా వస్తాయి, స్కేలు రాదు. అందుకే దగ్గరా దూరమా అన్నది అసలు చిక్కు కాదు, ఎక్కడ నిలబడి చూస్తున్నాం, ఎంత చిన్నది చేసి చూస్తున్నాం అన్నదే చిక్కు. సొంత వీధిని పైనుంచి చూసినట్టు గీయడం, ఆఫ్రికాను గ్లోబు మీద వేలితో చూపించడం కంటే చాలా కష్టం.

ఏ వయసులో ఏది అందుతుంది?

దీని మీద పరిశోధకులు గట్టిగానే పోట్లాడుకున్నారు. పియాజే, ఇన్‌హెల్డర్ 1948లో ప్రచురించిన ప్రయోగంలో బల్ల మీద మూడు కొండల నమూనా ఉంటుంది. అవతలి పక్క కూర్చోబెట్టిన బొమ్మకు ఏం కనిపిస్తుందని అడిగితే, ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు చాలామంది తమకు కనిపించేదే చూపించారు. ఎదుటివాడి చోటు నుంచి చూడటం అంత చిన్న వయసులో రాదని తేల్చారు. 1975లో మార్టిన్ హ్యూస్ అదే ప్రశ్నను దాగుడుమూతగా మార్చాడు: పోలీసు బొమ్మకు కనపడకుండా పిల్లాడి బొమ్మను గోడల మధ్య ఎక్కడ దాచాలి? మూడున్నర నుంచి ఐదేళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం సరిగ్గా దాచారు. ప్రశ్న వాళ్లకు అర్థమయ్యేలా ఉంటే జవాబూ వస్తుందన్నమాట.

పటాల విషయంలోనూ అంతే. ఐదారేళ్ల పిల్లలు విమానం నుంచి తీసిన ఫొటోల్లో ఇళ్లు, రోడ్లు నేర్పకుండానే గుర్తుపడతారని భూగోళ శాస్త్రవేత్త జేమ్స్ బ్లౌట్ చూపించాడు. లిన్ లిబెన్, రోజర్ డౌన్స్ ఒప్పుకోలేదు. గుర్తుపట్టడం వేరు, అర్థం కావడం వేరన్నారు. పటంలో రోడ్డును చూపిస్తే "ఇది రోడ్డు కాదు, ఇంత సన్నగా ఉంటే రెండు కార్లు పట్టవు" అన్న చిన్నపిల్లను వాళ్లు సాక్ష్యం తెచ్చారు. ఎర్రగీతతో వేసిన రోడ్డు నిజంగానే ఎర్రగా ఉంటుందనుకున్న పిల్లలూ ఉన్నారు. నాకైతే రెండు పక్షాలూ ఒకే పిల్లను రెండు వైపుల నుంచి చూసినట్టు అనిపిస్తుంది.

ఎం.వి.పి. కాలనీలో మూడో తరగతి పిల్లలు గీసే ఇంటి-బడి పటం చూడండి. చాక్లెట్లు కొనే కొట్టు పావు కాగితం ఆక్రమిస్తుంది, కుక్క ఉండే మలుపు ఎర్రగా ఉంటుంది, హైవే సన్నటి గీత. దుకాణాలన్నీ ముందు నుంచి చూసినట్టు నిలువుగా, రోడ్డు మాత్రం పైనుంచి చూసినట్టు పడుకుని ఉంటాయి. ఒకే కాగితం మీద రెండు చూపులు. దీన్ని తప్పని కొట్టేయకుండా, కొట్టు పైకప్పు మీద కాకికి ఈ కొట్టు ఎలా కనిపిస్తుందని అడిగితే రెండో చూపు మొదలవుతుంది.

భూమి ఆకారం ఇంకా మొండిది. "భూమి గుండ్రంగా ఉంది" అని ఠక్కున చెప్పే పిల్లల్ని మరికాస్త అడిగితే, కొందరి మనసులో భూమి దోసెలా గుండ్రంగా ఉంటుంది, ఇంకొందరి భూమి బోలు బంతి, మనం లోపల. 1992లో వోస్నియాడు, బ్రూవర్ అమెరికా పిల్లల్లో దీన్ని నమోదు చేశారు. తర్వాత భారతీయ పిల్లల మీద జరిగిన అధ్యయనంలో భూమి నీళ్ల మీద తేలుతోందన్న ఊహ కనిపించింది. విశాఖలో దీనికి విరుగుడు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. హార్బర్ వంతు కోసం బయట లంగరేసిన ఓడల్లో దూరంగా ఉన్నవాటికి అడుగుభాగం కనపడదు, పైభాగమే కనిపిస్తుంది. 1.2 మీటర్ల ఎత్తున్న పిల్ల ఇసుకలో నిలబడితే ఆమె దిగంతం, అంటే సముద్రం ఆకాశం కలిసినట్టు కనిపించే గీత, నాలుగు కి.మీ. లోపే. నూరు మీటర్ల ఎత్తు నుంచైతే దాదాపు 36 కి.మీ. కైలాసగిరి ఎక్కగానే ఓడ అడుగు కూడా ఎందుకు కనిపిస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

బట్టీ పూర్తిగా దండగా?

కాదు. గోదావరి ఎక్కడుందో తెలియని పిల్లతో పోలవరం గురించి మాట్లాడలేం. పేర్లు, చోట్లు గుర్తుండటం ఆలోచనకు ముడిసరుకు. పదో తరగతిలో మ్యాప్ పాయింటింగ్ ఉంది కాబట్టి టీచర్లు దానికే తయారుచేస్తారు, యాభై మందిని నలభై ఐదు నిమిషాల పీరియడ్లో బీచ్‌కు తీసుకెళ్లి వెనక్కి తెమ్మనడం అన్యాయం. కాకపోతే పేర్లలో కొన్ని నిలకడగా ఉంటాయి, కొన్ని ఉండవు. ఆ తేడా పిల్లలకు చెప్పడం లేదు.

అరకు ఏ జిల్లా? అక్కడ చలెందుకు?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. అరకు, బొర్రా ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. గోస్తనీ విషయానికొస్తే, ఆ ఒక్క చిన్న నది మూడు జిల్లాల్లో పారుతోంది: పుట్టింది అల్లూరి జిల్లా, తాటిపూడి విజయనగరం జిల్లా, కలిసేది విశాఖ జిల్లా. సరిహద్దు జీవోతో మారింది, నీటి దారి మారలేదు.

అరకు ఎత్తు కూడా మారలేదు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. "కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలెందుకు?" అన్న ప్రశ్న బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడల్లా ఎవరో ఒక పిల్లాడు అడుగుతాడు. సూర్యుడు ఉన్నది దాదాపు 15 కోట్ల కి.మీ. దూరంలో, అందులో ఒక కిలోమీటరు కూడా లేని దగ్గరతనం లెక్కలోకి రాదు. ఎండ ముందు నేలను వేడిచేస్తుంది, ఆ నేల తన పైనున్న గాలిని వేడిచేస్తుంది. గాలి పైకి వెళ్లేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గి, వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. 0.9ని 6.5తో గుణిస్తే సుమారు ఆరు. విశాఖలో 32 డిగ్రీలుంటే అరకులో 26 ఉండాలని లెక్క చెబుతుంది. జనవరి తెల్లవారుజామున రెండు చోట్లా థర్మామీటరు పెడితే తేడా ఆరు కంటే ఎక్కువే ఉంటుంది. లోయలో రాత్రి చల్లగాలి కిందికి జారి పేరుకుంటుంది, ఇక్కడేమో సముద్రం మన రాత్రిని వెచ్చగా ఉంచుతుంది.